ముందు దొరికినదే మూలమా? జీవశాస్త్రంలో ఆవిష్కరణల వరుస చేసే పని

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లి, మళ్లీ నడిచే దిగొచ్చినవాళ్లకు మర్నాడు తొడలు, పిక్కలు పట్టేస్తాయి. "కండల్లో లాక్టిక్ యాసిడ్ పేరుకుంది, అంతే" అని పక్కనున్నవాళ్లు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. శ్రమ ఆపాక రక్తంలోని లాక్టేట్ మామూలు స్థాయికి రావడానికి గంట, గంటన్నర చాలు. నొప్పి మాత్రం ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. ఎక్కేటప్పుడు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువును ఆపుతుంది. ఈ రెండో రకం పనిలో కండరపు పోగులు కంటికి కనిపించనంత చిన్నగా చిరుగుతాయి. మర్నాటి నొప్పి అక్కడి నుంచి వస్తుంది. ఈ సంగతి శాస్త్రవేత్తలకు దశాబ్దాలుగా తెలుసు. అయినా లాక్టిక్ యాసిడ్ మాట జనం నోట నిలిచే ఉంది. కండరం గురించి అంకెల్లో అన్నిటికన్నా ముందు దొరికిన పదార్థం అదే కావడం ఇందుకు పెద్ద కారణం.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. జీవశాస్త్రంలో మాత్రం ముందొచ్చిన చెవులే చాలాకాలం పెత్తనం చేస్తాయి. ఒక పదార్థం ముందు దొరికితే దాని చుట్టూ సిద్ధాంతం అల్లుకుంటుంది. తర్వాత దొరికినవన్నీ ఆ అల్లికలో ఎక్కడో ఒకచోట ఇమడాల్సి వస్తుంది. ముందు దొరికింది ముఖ్యమైనది కాబట్టి దొరకలేదు. చాలాసార్లు అది తొందరగా విడిపోని పదార్థం, కొలవడానికి లొంగేది, అప్పటికి చేతిలో ఉన్న పరికరానికి అందేది. ఒక సిద్ధాంతం ఎందుకు అలా ఉందో అర్థం కానప్పుడు, ఆ కాలంలో ఏ పరికరం ఏది చూపించగలిగేదో చూస్తే చిక్కు సగం విడిపోతుంది.

కండరంలో ముందు దొరికిన ఆమ్లం

అలసిన కండరంలో లాక్టిక్ యాసిడ్ ఉంటుందని 19వ శతాబ్దంలోనే తెలుసు. ఎంత ఉంటుందంటే మాత్రం ఒక్కో ప్రయోగశాల ఒక్కో అంకె చెప్పేది. కండరాన్ని నూరుతుంటే కణాలు చితికి, ఆ నూరడంలోనే కొత్తగా ఆమ్లం పుట్టేది. 1907లో కేంబ్రిడ్జ్‌లో వాల్టర్ ఫ్లెచర్, ఫ్రెడరిక్ గోలాండ్ హాప్కిన్స్ కప్ప కండరాన్ని మంచులా చల్లబరచిన ఆల్కహాల్‌లో వేసి, ఆ చలిలోనే నూరారు. అంకెలు నిలబడ్డాయి. విశ్రాంతిలో ఉన్న కండరంలో ఆమ్లం కొద్దిగా ఉంది, అలసిన కండరంలో ఎక్కువ ఉంది, అలసినదాన్ని ఆక్సిజన్‌లో ఉంచితే మళ్లీ తగ్గింది.

దీని మీద కట్టిన సిద్ధాంతం ఇది: కండరంలో నిల్వ ఉండే పిండిపదార్థమైన గ్లైకోజన్ విరిగి లాక్టిక్ యాసిడ్ అవుతుంది, ఆ ఆమ్లమే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది, తర్వాత ఆక్సిజన్ సాయంతో కొంత కాలిపోయి మిగతాది తిరిగి గ్లైకోజన్ అవుతుంది. ఏ.వి. హిల్ కండరం విడిచే వేడిని కొలిచాడు, ఓటో మేయర్‌హాఫ్ రసాయనాల లెక్క తేల్చాడు. రెండూ పొంతన కుదిరాయి. 1922 సంవత్సరపు నోబెల్ ఇద్దరికీ దక్కింది. అప్పటికి తెలిసినదాన్ని బట్టి చూస్తే ఇందులో వంక పెట్టడానికేమీ లేదు.

వాళ్లకు కనబడనిది ఫాస్ఫోక్రియాటిన్, అంటే కండరం శక్తిని నిల్వ ఉంచుకునే ఫాస్ఫేట్ పదార్థం. అది ఆమ్లం తగిలితే విడిపోతుంది. ఫాస్ఫేట్‌ను కొలిచే పద్ధతుల్లో ఆమ్లం వాడక తప్పదు. అందువల్ల కొలిచే లోపే ఆ పదార్థం ముక్కలై, మామూలు ఫాస్ఫేట్ కింద లెక్కలోకి పోయేది.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వస్తారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేటికీ ప్రాక్టికల్స్‌లో చేస్తున్నారు. నమూనాలోని ప్రోటీన్లను ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో విరిచి వడగట్టాలి. వడకట్టిన ద్రవంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, అమోనియం మాలిబ్డేట్ కలపాలి. ఆ తర్వాత అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం, అంటే ల్యాబుల్లో అందరూ 'ఆన్సా' అనేది, వేస్తే నీలం రంగు వస్తుంది. ఆ రంగును 660 నానోమీటర్ల దగ్గర చదవాలి. తప్పులు ఎక్కడ దొర్లుతాయో చేసినవాళ్లకు తెలుసు. గాజు సామాన్లకు డిటర్జెంట్ అంటుకుని ఉంటే అందులోని ఫాస్ఫేట్ వల్ల నమూనా వేయని ట్యూబ్ (బ్లాంక్) కూడా నీలమవుతుంది. ఆన్సా పాతబడి గోధుమ రంగుకు తిరిగితే రీడింగ్ దెబ్బతింటుంది. ఒక ట్యూబ్‌ను 5 నిముషాలకు, ఇంకోదాన్ని 15 నిముషాలకు చదివితే రెండింటినీ పోల్చడానికి వీల్లేదు.

ఈ మూడోదాన్ని జాగ్రత్తగా చూడాలి. ఫాస్ఫేట్ ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్ ద్రావణంలో రంగు త్వరగా వచ్చి నిలిచిపోతుంది. తాజా కండరపు సారంలో మాత్రం నీలం ఆగకుండా కొంతసేపు పెరుగుతూ పోయింది. చేతగానితనమనో, మలినమనో తోసేయడానికి ఇంతకన్నా వీలైన సందర్భం ఉండదు. ఫిస్కే, సుబ్బారావు తోసేయలేదు. ఏదో సమ్మేళనం ట్యూబ్‌లోనే విడిపోతూ ఫాస్ఫేట్‌ను కొద్దికొద్దిగా వదులుతోందని గ్రహించి, దాని వెంటపడి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ పదార్థం జాడ పట్టారు. 1929లో ఏటీపీ దొరికింది. జర్మనీలో కార్ల్ లోమాన్, హార్వర్డ్‌లో ఫిస్కే–సుబ్బారావు విడివిడిగా దాన్ని వెలికితీశారు.

ఇప్పుడు వరుస బలం చూడండి. ఏటీపీ చేతికొచ్చాక కూడా మేయర్‌హాఫ్ ప్రయోగశాల దాన్ని మొదట లాక్టిక్ యాసిడ్ తయారీకి తోడ్పడే సహాయక పదార్థంగానే చూసింది. కండరానికి శక్తినిచ్చే అసలు అణువుకు, ముందు దొరికిన ఆమ్లం పక్కన చేదోడు పని అప్పగించారు.

1930లో డెన్మార్క్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ దీన్ని తలకిందులు చేశాడు. అతను అయోడిన్ ఉన్న రసాయనాల ప్రభావం చూస్తున్నాడు, కండరం కోసం బయల్దేరినవాడు కాదు. అయోడోఅసిటిక్ ఆమ్లం ఎక్కించిన జంతువుల కండరాలు కొయ్యబారాయి, కానీ వాటిలో లాక్టిక్ యాసిడ్ లేదు. ఆ విషం గ్లైకోజన్ విరిగే దారిని మూసేసింది. అయినా కండరం కాసేపు ముడుచుకుంటూనే ఉంది, చేసిన పనికి తగ్గట్టు ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతూ వచ్చింది. రెండేళ్ల తర్వాత హిల్ స్వయంగా దీన్ని కండర శాస్త్రంలో విప్లవమని రాశాడు. నోబెల్ తెచ్చిన సొంత సిద్ధాంతం గురించి అలా రాయడం చిన్న విషయం కాదు. 1939లో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా కండరపు ప్రోటీన్ మయోసినే ఏటీపీని విడగొడుతుందని చూపడంతో ఏటీపీకి దాని చోటు దక్కింది.

ఇంతటి మార్పులోనూ 1907 నాటి అంకెలు తప్పు కాలేదు. అలసిన కండరంలో లాక్టిక్ యాసిడ్ ఎక్కువగా ఉంటుందన్నది నేటికీ నిజమే. తప్పింది దానికి ఇచ్చిన చోటు. ఏటీపీ 1907లోను, లాక్టిక్ యాసిడ్ లెక్క 1929లోను దొరికి ఉంటే, ఆమ్లమే కండరాన్ని ముడుస్తుందని ఎవరూ ప్రతిపాదించి ఉండరు. ఆక్సిజన్ చాలనప్పుడు ఏటీపీని త్వరగా తయారుచేసుకునే దారిలో వచ్చే పదార్థంగా అది నేరుగా పుస్తకాల్లోకి ఎక్కేది. గుండె కండరం దాన్నే ఇంధనంగా వాడుకుంటుందన్న సంగతి కూడా మనకు వింతగా ఉండేది కాదు.

డీఎన్ఏ అయితే ముందే దొరికింది, దాని పనికి గుర్తింపు మాత్రం ఆలస్యమైంది. 1869లో ఫ్రెడ్రిక్ మీషర్ ఆసుపత్రి కట్లకు అంటిన చీములోని కణాల నుంచి దాన్ని వేరుచేశాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో దాన్ని నాలుగే నాలుగు భాగాలు మళ్లీ మళ్లీ వచ్చే చప్పటి అణువుగా లెక్కగట్టారు. ఈలోగా ప్రోటీన్ల దశ తిరిగింది. 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికంగా తీసి అది ప్రోటీనని చూపాడు. 1935లో వెండెల్ స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా తీసి అదీ ప్రోటీనే అన్నాడు. అందులో ఆర్‌ఎన్‌ఏ కూడా ఉందని బాడెన్, పిరీ వెంటనే చూపినా, అది సుమారు 6 శాతమే కావడంతో పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 1944లో ఏవరీ, మెక్లియోడ్, మెకార్టీ వంశలక్షణాన్ని మార్చేది డీఎన్ఏ అని చూపినప్పుడు వచ్చిన అభ్యంతరం కూడా ఆ వరుస నుంచే వచ్చింది: నమూనాలో మిగిలిన రవ్వంత ప్రోటీన్ ఆ పని చేసి ఉండొచ్చు కదా? బ్యాక్టీరియాకు సోకే వైరస్ లోపలికి పంపేది డీఎన్ఏనే అని చూపిన 1952 నాటి హెర్షీ, చేజ్ ప్రయోగంలో ప్రోటీన్‌కు గుర్తుగా పెట్టిన గంధకంలో ఐదో వంతు దాకా బ్యాక్టీరియాకు అంటుకునే ఉండిపోయింది. శుభ్రతలో ఏవరీ పనికి అది సాటి రాదని నా అభిప్రాయం. అయినా జనం దాన్ని నమ్మారు. మధ్యలో చార్గాఫ్ డీఎన్ఏలోని ఆ నాలుగు భాగాల (బేస్‌ల) పాళ్లు జీవిని బట్టి మారతాయని తేల్చడంతో 'చప్పటి అణువు' వాదం కూలిపోయింది, రెండో ప్రయోగానికి నేల సిద్ధమై ఉంది.

వడపోతలో దిగితే వైరసే!

చిత్తూరు వైపు చెరకు వేసేవాళ్లకు గడ్డి దుబ్బు తెగులు తెలుసు. ఒక్కో దుబ్బు నుంచి సన్నగా, తెల్లబారిన పిలకలు గుంపులుగా వచ్చి, చెరకు కాస్తా గడ్డి పొదలా తయారవుతుంది. గడ కట్టదు. నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెంచే కార్శి తోటలో ఇంకా ఎక్కువ. వంకాయ మొక్కలో ఆకులు గోరంత చిన్నవై గుబురుగా వచ్చే వెర్రి తెగులు, నువ్వులో పూలు ఆకులుగా మారిపోయే వెర్రి తెగులు ఈ కుటుంబానివే. 1967 దాకా ఇలాంటి తెగుళ్లన్నిటినీ వైరస్ ఖాతాలో రాశారు.

కారణం ఒక పింగాణీ వడపోత గొట్టం. 1892లో ఇవనోవ్‌స్కీ పొగాకు మొజాయిక్ రోగపు రసాన్ని బ్యాక్టీరియాను ఆపే వడపోతలో పోశాడు, రసం దిగాక కూడా రోగం అంటింది. 1898లో బైయరింక్ అలా దిగిపోయేదాన్ని వైరస్ అన్నాడు. అక్కడి నుంచి పరీక్ష మూడు ముక్కలకు కుదించుకుపోయింది: వడపోతలో దిగాలి, పోషక మాధ్యమంలో పెరగకూడదు, మామూలు సూక్ష్మదర్శినిలో కనబడకూడదు. మూడూ 'కాదు', 'లేదు' అనే గుర్తులే. వైరస్ అంటే ఏమిటో అవి చెప్పవు, అప్పటి పరికరాలకు ఏది అందదో చెబుతాయి. కణకవచం లేని, మెత్తటి, ఆకారం మార్చుకునే బ్యాక్టీరియా ఒకటి మొక్క ఆహారనాళాల్లో దాగి ఉంటే అది కూడా ఈ మూడు పరీక్షలూ నెగ్గుతుంది.

అనుమానించడానికి ఆధారం ముందే కనబడింది. 1936లో అమెరికాలో కుంకెల్ పీచ్ చెట్ల పసుపు తెగులును చెట్టు చావని పాటి వేడితో నయం చేశాడు. వేడి తట్టుకోలేని వైరస్‌లూ ఉంటాయి కాబట్టి ఆ ఫలితం కూడా వైరస్ కథలోనే ఇమిడిపోయింది. 1967లో జపాన్‌లో దోయి బృందం తెగులు సోకిన మల్బరీ ఆహారనాళాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే, వైరస్ రేణువుల బదులు పొర చుట్టిన చిన్న కణాలు కనిపించాయి. బ్యాక్టీరియాను అణిచే టెట్రాసైక్లిన్ మందు ఇస్తే లక్షణాలు తగ్గాయి. కణకవచం మీద పనిచేసే పెన్సిలిన్‌కు అవి లొంగవు. వాటినే ఇప్పుడు ఫైటోప్లాస్మా అంటున్నాం.

రైతుకు దీనివల్ల ఒరిగిందేమిటంటే, వేడి వైద్యం ఎందుకు పనిచేస్తుందో తెలిశాక దాన్ని ఎక్కడ తప్పకూడదో కూడా తెలిసింది. చెరకు విత్తన ముచ్చెలకు (నాటే గడ ముక్కలకు) 54 డిగ్రీల తేమ వేడి గాలిని 4 గంటలు పట్టించాలి. సూక్ష్మజీవి ఉండేది ముచ్చె లోపలి నాళాల్లో, అందుకే అంతసేపు. మధ్యలో దించేస్తే బయట వేడెక్కినా లోపలిది బతుకుతుంది, తెగులు కొత్త తోటకు చేరుతుంది. వేడి హద్దు దాటితే కన్నులు చచ్చి మొలక రాదు. తెగులు ఉన్న కార్శి తోట నుంచి ముచ్చెలు తీస్తే ఎంత మందు కొట్టినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే పురుగు మోసుకు రాకముందే అది విత్తనంలో ఉంది.

బైపీసీ పిల్లలకు బాగా తెలిసిన బఠాణీల కథలోనూ వరుస పనిచేసింది. మెండెల్ 1866లో ప్రచురించిన 3:1 లెక్క, అంటే రెండో తరంలో మూడు మొక్కలకు ఒక లక్షణం, ఒకదానికి రెండోది అన్నది, బఠాణీలది. అతను తర్వాత హాక్‌వీడ్ అనే మొక్కల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు, అక్కడ ఆ లెక్క రాలేదు. ఆ మొక్క చాలావరకు ఫలదీకరణ లేకుండానే విత్తనం కడుతుందని 20వ శతాబ్దం మొదట్లో గానీ తేలలేదు. హాక్‌వీడ్‌తో మొదలుపెట్టి ఉంటే మెండెల్ పేరు మనం విని ఉండేవాళ్లం కాదేమో. ఇంకో సంగతి: 1902లో ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త వెల్డన్ బజారులో దొరికే బఠాణీ రకాలను వరుసగా పేర్చి, పచ్చ నుంచి పసుపు దాకా మధ్యలో అన్ని ఛాయలూ ఉన్నాయని చూపాడు. లక్షణం బయటపడటంలో మిగతా జన్యువులకు, పరిసరాలకు వాటా ఉందన్నది అతని వాదం. 1906లో అతను చనిపోయాడు, పుస్తకం పూర్తికాలేదు. మన పాఠాల్లో జన్యువు అంటే ఒక లక్షణపు మీట అన్న భావన ముందు నాటుకుంటుంది, పరిసరాల పాత్ర చివరి పేజీలో మినహాయింపుగా వస్తుంది. లీడ్స్ యూనివర్సిటీలో ఈ వరుస తిప్పి, పరిసరాలతో కలిపే జన్యుశాస్త్రం బోధించి చూస్తే, 'అంతా జన్యువుల్లోనే రాసి ఉంది' అన్న నమ్మకం ఆ విద్యార్థుల్లో తగ్గింది. ఇంటర్ బోధించేవాళ్లు ఒక్క యూనిట్‌లోనైనా దీన్ని ప్రయత్నించాలని గట్టిగా కోరుకుంటాను. మధుమేహం, రక్తపోటు లాంటివి అర్థం కావాలంటే 3:1 నుంచి మొదలుపెట్టడం దారి కాదు.

వేరుశనగ చేలో అదే వరుస

ప్రయోగశాలలో జరిగేదే చేలోనూ జరుగుతుంది, ఇక్కడ వరుస తప్పితే డబ్బు పోతుంది. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగ మొక్కలు మొవ్వు, కాండం నల్లబడి కుప్పలుగా చచ్చిపోయాయి. దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మొవ్వు కుళ్ళు వైరస్ మన దగ్గర ముందు నుంచీ తెలిసినది కాబట్టి మొదటి చూపు దాని మీదే పడింది. పరీక్షలు పూర్తయ్యాక అది పొగాకు చారల వైరస్ అని తేలింది. ఇప్పుడు దాన్ని కాండం కుళ్ళు అంటున్నాం.

రెండూ తామర పురుగుల వల్లే వస్తాయి, కానీ వచ్చే తీరు వేరు. మొవ్వు కుళ్ళు వైరస్‌ను పురుగు పిల్ల దశలో ఒంట్లోకి తీసుకుని బతికినంతకాలం మోస్తుంది. చారల వైరస్ పుప్పొడిలో ఉంటుంది. గట్ల మీది వయ్యారిభామ పుప్పొడి పురుగు ఒంటికి అంటుకుని వస్తుంది, పురుగు ఆకును గీరిన చోట లోపలికి దిగుతుంది. అందువల్ల కాండం కుళ్ళుకు అసలు మందు గట్ల మీద ఉంది: వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి. చేను చుట్టూ 4 వరుసలు జొన్న గానీ సజ్జ గానీ వేస్తే పుప్పొడితో ఎగిరొచ్చే పురుగులు అక్కడ ఆగుతాయి. తెగులును మొవ్వు కుళ్ళు అనుకున్నంతకాలం వయ్యారిభామ వైపు ఎవరి చూపూ పోదు.

శ్రీకాళహస్తి ప్రాంతంలో 1975–76లో కనబడిన కాళహస్తి తెగులు ఇంకో పాఠం. వేరుశనగలో కాయలుగా మారే ఊడల మీద, కాయ పైతొక్క మీద గోధుమ మచ్చలు లేచి నల్లబడేవి, కాయ సైజు తగ్గేది. పైన మొక్క గిడసబారినా ఆకు మామూలుకన్నా పచ్చగా ఉండేది. తెగులంటే ఆకు మీద వెతికే అలవాటు ఉన్నవాళ్లకు ఇది ఆరోగ్యమైన చేనులాగే కనిపిస్తుంది. వేర్ల చుట్టూ ఉండే ఒక నులిపురుగు దీనికి కారణమని 1984లో ప్రచురితమైంది. తర్వాత తిరుపతి పరిశోధన కేంద్రం నుంచి దీన్ని తట్టుకునే తిరుపతి-3, కాళహస్తి రకాలు వచ్చాయి.

అలాంటి లక్షణాలు కనబడితే ఆకులు మాత్రమే ల్యాబుకు పంపి ప్రయోజనం లేదు. చేలో మొక్కలు గిడసబారిన చోటు అంచున, ఇంకా బతికి ఉన్న మొక్కలను ఎంచుకుని, వేరు దగ్గర 15–20 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీయాలి. పూర్తిగా చచ్చిన మొక్క కింద పురుగుకు తిండి ఉండదు, అక్కడ లెక్క తక్కువ వస్తుంది. నాలుగైదు చోట్ల మట్టి కలిపి, వేర్లు, కాయలతో సహా పాలిథిన్ సంచిలో కట్టి, నీడన ఉంచి, అదే రోజు గానీ మర్నాడు గానీ చేర్చాలి. ల్యాబులో మట్టిని పలచటి గుడ్డ మీదో టిష్యూ మీదో వేసి నీళ్లున్న గరాటులో ఉంచుతారు. పురుగులు కదులుతూ గుడ్డ దాటి, గరాటు అడుక్కి దిగుతాయి. ఒకటి రెండు రోజుల తర్వాత అడుగు నీటిని సూక్ష్మదర్శిని కింద లెక్కిస్తారు. ఈ పద్ధతికి బతికున్న పురుగు మాత్రమే అందుతుంది. బస్సు పైన ఎండలో సంచి పెట్టి తెస్తే, చేనంతా పురుగు ఉన్నా రిపోర్టులో సున్నా వస్తుంది. రైతు ఆ సున్నా చూసి మళ్లీ ఆకు మందు కొనడానికి వెళ్తాడు. అందుకే సంచి మీద తీసిన తేదీ, సమయం, ఎలా తెచ్చారన్నది రాసి ఇవ్వాలి. లెక్క సున్నా వచ్చిందంటే, ఆ మట్టి ఎంతసేపు ఎండలో ఉందో అడగకుండా ల్యాబులో ఎవరూ సంతకం పెట్టకూడదు.